తెగించేవారి హక్కు, తెలిసినవారి బాధ్యత

ఈ నెల మాకు అందిన ఉత్తరాలలో అంతరిక్ష యాత్రల ప్రమాదాలను, వాటిపై ప్రభుత్వాల పాత్రను ప్రస్తావించినవే ఎక్కువగా ఉన్నందున ఈసారి శీర్షికను ఆ విషయానికే కేటాయించాము. ఉత్తరాలను కొంత కుదించాము. కొందరు కోరినందువల్ల ఎవరి పేర్లూ ప్రచురించడం లేదు.

ప్రశ్న: మా అబ్బాయి అనంతపురంలో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. టైటానిక్ శిథిలాలను చూడబోయి ఐదుగురు సముద్రగర్భంలో చనిపోయినప్పటి నుంచి మా ఇంట్లో ఒకటే వాదన. "ప్రాణం వాళ్లది, డబ్బు వాళ్లది, అన్నీ తెలిసే సంతకం పెట్టారు, మధ్యలో ప్రభుత్వానికేం పని?" అని వాడంటాడు. అంతరిక్ష యాత్రలకూ అదే మాట చెబుతాడు. చచ్చిపోతారేమోనని తెలిసి కూడా మనుషులను పంపడం ఏం న్యాయమని నేనంటాను. మాలో ఎవరిది సబబు?
— ఒక గృహిణి, ప్రొద్దుటూరు

జవాబు: అమ్మా, మీ అబ్బాయి వాదనలో బలం ఉంది. తన ప్రాణాన్ని దేనికి ఒడ్డాలో యుక్తవయస్సు వచ్చిన మనిషి తానే నిర్ణయించుకోవాలన్న సూత్రాన్ని తోసిపుచ్చితే కొండలెక్కేవారూ మిగలరు, కొత్త విమానాన్ని మొదటిసారి నడిపి చూసే పైలట్లూ మిగలరు. అంత దూరం పోనక్కరలేదు. కర్నూలు జిల్లా హొళగుంద మండలంలోని దేవరగట్టులో విజయదశమి రాత్రి జరిగే బన్నీ ఉత్సవం సంగతి మీరు వినే ఉంటారు. మాళ మల్లేశ్వరస్వామి ఉత్సవ విగ్రహాల కోసం నెరణికి, నెరణికి తండా, కొత్తపేట గ్రామాల వారు ఒకవైపు, చుట్టుపక్కల ఊళ్ల వారు మరొకవైపు కర్రలు పట్టి తలపడతారు, ఏటా ఎందరికో తలలు పగులుతాయి. అధికారులు ఎంత నచ్చజెప్పినా ఆ కర్రలు ఆగకపోవడంతో పోలీసు బందోబస్తుతో పాటు వైద్య శిబిరాన్ని కూడా అక్కడే ఏర్పాటు చేస్తున్నారు. కర్ర పట్టి వచ్చినవాడు దెబ్బకు సిద్ధపడే వస్తాడు. ఉత్సవం చూద్దామని తండ్రి భుజమెక్కి వచ్చిన పిల్లవాడు దేనికీ సిద్ధపడి రాలేదు. మొదటివాడి విషయంలో ప్రభుత్వం నచ్చజెప్పి, కట్టు కట్టే ఏర్పాటు చేసి ఊరుకున్నా ఊరుకోవచ్చు గాని, రెండోవాడి విషయంలో ఊరుకోవడానికి వీల్లేదు.

అమెరికా చట్టం దాదాపు ఈ తేడా మీదనే నిలిచి ఉంది. వాణిజ్య అంతరిక్ష ప్రయోగాల చట్టానికి 2004లో చేసిన సవరణ ప్రకారం, రాకెట్టు వల్ల నేల మీద ఉన్న జనానికి హాని కలగకుండా చూసే పూర్తి అధికారం ఆ దేశపు విమానయాన నియంత్రణ సంస్థకు ఉంటుంది. లోపల డబ్బు కట్టి కూర్చున్న ప్రయాణికుల భద్రత కోసం మాత్రం, ప్రాణనష్టమో తీవ్ర గాయాలో సంభవించిన, లేదా అవి తృటిలో తప్పిన సందర్భాలలో తప్ప, ఆ సంస్థ ముందుగా నియమాలు విధించరాదు. కొన్నేళ్ల కోసమని పెట్టిన ఈ కట్టడిని మళ్లీ మళ్లీ పొడిగించి, 2028 జనవరి 1 వరకు ఉంచారు. దానికి బదులుగా ప్రయాణికుడికి దక్కేది సమాచారం. ఈ వాహనం సురక్షితమని ప్రభుత్వం ధ్రువీకరించలేదని, ఇంతవరకు ఇటువంటి వాహనాలకు జరిగిన ప్రమాదాలు ఇవని, ఇందులో ప్రాణాలు పోవచ్చునని కంపెనీ లిఖితపూర్వకంగా చెప్పి, అడిగిన ప్రశ్నలకు బదులిచ్చి, ఆ తరువాతనే సంతకం తీసుకోవాలి. మీ అబ్బాయి చెప్పే సంతకం ఇదే.

అయితే ఆ సంతకానికి ముందు ఎవరు ఎవరికి ఏం చెప్పారన్నది మీ అబ్బాయి అడగడం లేదు. నా దృష్టిలో అసలు ప్రశ్న అదే. 1986 జనవరి 28న అమెరికా అంతరిక్ష నౌక చాలెంజర్ నేల వదిలిన 73 సెకన్లకు విచ్ఛిన్నమై, క్రిస్టా మెకాలిఫ్ అనే బడిపంతులమ్మతో సహా ఏడుగురు మరణించారు. ముందు రోజు రాత్రి, నౌకను పైకి నెట్టే బూస్టరు రాకెట్టు తయారు చేసిన మోర్టన్ థయోకోల్ కంపెనీ ఇంజినీర్లు, అంత చలిలో బూస్టరు అతుకుల మధ్య ఉండే రబ్బరు వలయాలు సాగే గుణం కోల్పోతాయని, వేడి వాయువులను ఆపలేవని, ప్రయోగాన్ని వాయిదా వేయాలని గట్టిగా వాదించారు. పైవారు ఆ సలహాను పక్కన పెట్టారు. తెల్లవారితే ఆ నౌక ఎక్కబోయే వారి చెవిని మాత్రం ఆ వాదన ఎవరూ వేయలేదు. అంతరిక్షయానం ప్రమాదకరమని ఆ ఏడుగురికీ తెలుసు. ఆ ఉదయం అది మామూలు కంటే ఎన్ని రెట్లు ప్రమాదకరమో తెలిసినవారు వేరే చోట కూర్చుని ఉన్నారు. అటువంటప్పుడు వారు దేనికి ఒప్పుకున్నట్లు?

మన కల్పనా చావ్లా ప్రయాణించిన కొలంబియా విషయంలో జరిగింది ఇంకొక రకం. 2003 జనవరి 16న ప్రయోగ సమయంలో ఇంధన ట్యాంకు నుంచి ఊడిన నురుగు ముక్క ఎడమ రెక్కకు తగిలిందని నేల మీది ఇంజినీర్లు గమనించారు. రెక్కను ఫోటోలు తీయించమని కోరారు. ఆ కోరిక ముందుకు సాగలేదు. సిబ్బందికి ఆ సంగతిని ఒక ఈ-మెయిల్‌లో తెలియజేస్తూనే, తిరుగు ప్రయాణానికి ఏ ఆందోళనా అక్కరలేదని కూడా రాశారు. ఫిబ్రవరి 1న నౌక వాతావరణంలోకి ప్రవేశించాక ఆ రెక్కలోని రంధ్రం గుండా వేడి వాయువులు చొరబడి ఏడుగురూ చనిపోయారు. సగం చెప్పి, మిగిలిన సగానికి ధైర్యం చెప్పడం ఏమీ చెప్పకపోవడం కన్నా మేలని నేననుకోను.

ఇక మీరు ప్రస్తావించిన టైటానిక్ యాత్ర. 2023 జూన్‌లో సముద్రగర్భంలో పగిలిపోయిన టైటాన్ అనే ఆ నౌకలో వెళ్లినవారు మరణం సంభవించవచ్చునని రాసి ఉన్న కాగితాల మీదనే సంతకాలు చేశారు. కార్బన్ ఫైబరుతో చేసిన ఆ నౌకను ఏ స్వతంత్ర సంస్థా పరీక్షించి ధ్రువపత్రం ఇవ్వలేదన్నదీ దాచిన సంగతి కాదు. కాని 2018లోనే ఆ కంపెనీలో లోపాలను ఎత్తిచూపిన ఉద్యోగి కొలువు పోగొట్టుకున్నాడు, అదే ఏడాది ఆ రంగపు నిపుణులు పద్ధతి మార్చుకోమని ఉత్తరం రాసినా కంపెనీ మారలేదు. "మీరు చనిపోవచ్చు" అన్న మాట ఏ సాహసయాత్ర కాగితంలోనైనా ఉంటుంది. "మా ఇంజినీరు ఒకడు ఇది తట్టుకోదని చెబితే పంపించివేశాము" అన్న మాట ఏ కాగితంలోనూ ఉండదు.

అందువల్ల మీ అబ్బాయికి నేను చెప్పేది ఇది. వెళ్లేవాడిని ఆపడం ప్రభుత్వం పని కాకపోవచ్చు. తెలిసినవాడి నోరు నొక్కకుండా చూడడం, తెలిసినదంతా వెళ్లేవాడి ముందు పెట్టించడం మాత్రం ప్రభుత్వం పనే. అది మరెవరి వల్లా అయ్యేది కాదు, ఎందుకంటే టిక్కెట్టు అమ్ముకునేవాడు తన సరుకులోని లోపాన్ని తానుగా చెప్పడు.

ఇక మీ అభ్యంతరం, పంపడమే అన్యాయమన్నది. అక్కడ నేను మీతో ఏకీభవించలేను. మనుషులను అంతరిక్షానికి పంపే మన గగన్‌యాన్ యాత్రకు ఎంపికైన నలుగురూ వాయుసేనలో టెస్ట్ పైలట్లు. విమానాలను ప్రమాదపు అంచు దాకా నడిపి చూడడమే వృత్తిగా ఎంచుకున్నవారు. వారిని ఎక్కించక ముందు, రాకెట్టు మధ్యలో మొరాయిస్తే సిబ్బంది గదిని దాని నుంచి విడదీసి దూరంగా లాక్కుపోయే ఏర్పాటును 2023 అక్టోబరు 21న శ్రీహరికోటలో మనుషులు లేకుండా పరీక్షించారు. అటువంటి ఏర్పాటు ఉన్నందువల్లనే 2018 అక్టోబరులో రష్యా సోయజ్ రాకెట్టు మధ్యదారిలో విఫలమైనా లోపలి ఇద్దరూ క్షేమంగా దిగారు. శుభాంశు శుక్లా 2025లో వెళ్లిన ఆక్సియం-4 యాత్రనే చూడండి. జూన్ 11న జరగవలసిన ప్రయోగాన్ని ద్రవ ఆక్సిజన్ లీకు కనబడినందున ఆపి, సరిచేసి, జూన్ 25న పంపారు. ఆ రెండు వారాల ఆలస్యం మీద పత్రికలు పెదవి విరిచినా, తల్లిగా మీరు అడగవలసింది అటువంటి ఆలస్యాన్నే.

ప్రశ్న: అంతరిక్ష యాత్రలలో ప్రాణనష్టానికి ఇన్నింట ఒక వంతు అవకాశమని సంస్థలు ప్రకటిస్తుంటాయి. విద్యార్థులకు సంభావ్యత బోధించే నాకే ఆ అంకెలు ఎక్కడి నుంచి వస్తాయో అంతుపట్టదు. వాటిని నమ్మవచ్చునా?
— గణిత అధ్యాపకుడు, ఆదోని

జవాబు: ప్రైవేటు కంపెనీల నౌకలలో తన వ్యోమగాములను అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి పంపేందుకు నాసా పెట్టిన షరతు, సిబ్బందిని కోల్పోయే అవకాశం 270లో ఒకటికి మించరాదన్నది. అది జరిగిపోయిన ప్రయాణాల సగటు కాదు. ఏ భాగం ఎంత తరచుగా చెడవచ్చో, ఉల్కాకణాలూ పాత శకలాలూ ఎంత తరచుగా తగలవచ్చో విడివిడిగా అంచనా కట్టి కలిపిన లెక్క. లెక్క వేసేవారికి తోచని కారణం అందులోకి ఎక్కదు, అందుకే అటువంటి అంకెలు సాధారణంగా వాస్తవం కన్నా నునుపుగా ఉంటాయి.

చాలెంజర్ ప్రమాదంపై విచారణ జరిపిన సంఘంలో సభ్యుడైన భౌతికశాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ ఈ విషయాన్నే పట్టుకున్నారు. నౌకను కోల్పోయే అవకాశం ఎంతని అడిగితే పని చేసే ఇంజినీర్లు వందలో ఒకటి అన్నారు, యాజమాన్యం లక్షలో ఒకటి అన్నది. లక్షలో ఒకటంటే రోజుకొక నౌక చొప్పున దాదాపు 300 ఏళ్లు పంపినా ఒక్కటే పోవాలి. 1981 నుంచి 2011 వరకు చాలెంజర్, కొలంబియా వంటి స్పేస్ షటిల్ నౌకలు 135 సార్లు ఎగిరాయి, రెండు నౌకలు, 14 ప్రాణాలు పోయాయి. ఎవరి అంకె వాస్తవానికి దగ్గరగా ఉందో మీ విద్యార్థులే చెప్పగలరు. నా సలహా ఒక్కటే: అంకెను చూసేటప్పుడు అది చిన్నదైతే ఎవరికి లాభమో కూడా చూడండి.

ప్రశ్న: అంతరిక్షానికి పోయేవాళ్లు ఒప్పుకొని పోతున్నారు. మా కప్పట్రాళ్ల అడవిలో యురేనియం కోసం బోర్లు వేస్తామన్నప్పుడు ముందుగా మమ్మల్ని అడిగినవారు లేరు. నా చిన్నతనంలో స్కైలాబ్ అనే అమెరికా అంతరిక్ష కేంద్రం నెత్తిన పడుతుందని ఊళ్లో మేకలూ కోళ్లూ కోసుకొని తిన్నారు, అప్పుడూ మమ్మల్ని అడిగినవారు లేరు. వాళ్ల ప్రమాదం, మా ప్రమాదం ఒకటేనా?
— ఒక రైతు, దేవనకొండ మండలం, కర్నూలు జిల్లా

జవాబు: అయ్యా, ఒకటి కావు. ఈ తేడాను లెక్కలోకి తెచ్చినవారు ఉన్నారు. చాన్సీ స్టార్ అనే అమెరికా ఇంజినీరు 1969లో ప్రచురించిన వ్యాసంలో, తామే కోరి తెచ్చుకున్న ప్రమాదాన్ని మనుషులు, తమపై పడవేసిన ప్రమాదం కన్నా సుమారు వెయ్యి రెట్లు ఎక్కువగానైనా సహిస్తారని అంచనా వేశారు. ఆ వెయ్యి అన్న సంఖ్య మీద తరువాతి వారికి అభ్యంతరాలున్నా, అసలు విషయాన్ని ఎవరూ కాదనలేదు. "బైకు మీద హెల్మెట్ లేకుండా తిరుగుతారు గాని బోరుకు భయపడతారు" అని పల్లెజనాన్ని ఎగతాళి చేసే పట్నవాసులు దీనిని గుర్తించాలి. అది అజ్ఞానం వల్ల వచ్చిన భయం కాదు, అడగకుండా నెత్తిన పెట్టినందుకు వచ్చిన కోపం.

స్కైలాబ్ బరువు సుమారు 77 టన్నులు. 1979 జూలై 11న అది హిందూ మహాసముద్రం మీదుగా పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఎస్పరెన్స్ ప్రాంతంలో చెదిరి పడింది. దాని శకలం ప్రపంచంలో ఎవరో ఒక మనిషికి తగిలే అవకాశం 152లో ఒకటని నాసా ముందే ప్రకటించింది. ఫలానా మనిషికే తగిలే అవకాశం అత్యల్పమన్నది నిజమే అయినా, ఎక్కడ పడుతుందో పంపినవారికే తెలియనప్పుడు మీ ఊరివారు మేకలు కోసుకోవడంలో వింత ఏమున్నది? ఎస్పరెన్స్ పాలకమండలి మాత్రం చెత్త పారవేసినందుకు 400 డాలర్ల జరిమానా రాసి ఊరుకుంది.

అడగబడని జనం పట్ల అంతరిక్ష రంగం కొంత మర్యాద నేర్చుకున్న మాట వాస్తవం. శ్రీహరికోటను తూర్పు తీరాన ఎంచుకోవడానికి ఒక కారణం, కాలిపోయిన దశలు ఊళ్ల మీద కాక సముద్రంలో పడడం. ధ్రువాల మీదుగా తిరిగే కక్ష్యకు పోవలసిన మన పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు నేరుగా దక్షిణానికి పోతే శ్రీలంక మీదుగా పోవలసి వస్తుంది గనుక, దారి వంచి పక్కకు తిప్పుతారు. అందువల్ల ఇంధనం వృథా అవుతుంది, మోసే బరువు తగ్గుతుంది. తమతో ఏ సంబంధమూ లేని పొరుగుదేశపు జనం కోసం మన శాస్త్రజ్ఞులు అటువంటి ప్రతి ప్రయోగంలోనూ ఆ నష్టాన్ని భరిస్తున్నారు. 1972 నాటి అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం అంతరిక్షం నుంచి పడిన వస్తువు నేల మీద నష్టం కలిగిస్తే, తప్పు ఎవరిదని నిరూపించకుండానే పంపిన దేశం పరిహారం చెల్లించాలి. 1978లో అణు ఇంధనంతో పనిచేసే సోవియట్ ఉపగ్రహం కాస్మాస్ 954 కెనడాలో పడినప్పుడు, ఆ దేశం సుమారు 60 లక్షల కెనడా డాలర్లు అడగగా 1981లో 30 లక్షలు దక్కాయి. ఒక మెలిక ఉంది: ఆ ఒప్పందం పంపిన దేశపు సొంత పౌరులకు వర్తించదు. రేపు మన రాకెట్టు ముక్క మీ చేనిలో పడితే మీకు దిక్కు మన దేశపు మామూలు చట్టాలే. అంతరిక్ష కార్యకలాపాల బిల్లు ముసాయిదా 2017లో వెలువడినా అది చట్టం కాలేదు.

మీ కప్పట్రాళ్ల విషయం దీనికి దగ్గరిదే. 468 హెక్టార్లకు పైగా అటవీ భూమిలో 68 బోర్లు వేసి ఖనిజం ఉన్నదీ లేనిదీ చూడాలన్నది ప్రతిపాదన. బోరు వేయడం గని తవ్వడం కాదు, ఆ పని వరకే చూస్తే నీటికి కలిగే ముప్పు పరిమితం. ఈ మాట మీకు రుచించకపోయినా చెప్పక తప్పదు. కాని గని తవ్వే ఉద్దేశం లేనివాడు బోరు ఎందుకు వేస్తాడని మీ ఊళ్లవారు అడిగే ప్రశ్నకు సరైన జవాబు రాలేదు. 2024 నవంబరులో మీరు ఆందోళన చేసిన తరువాత రాష్ట్ర ప్రభుత్వం ఆ ప్రయత్నాన్ని నిలిపివేస్తామన్నది. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం కర్మాగారం 2012 నుంచి నడుస్తున్నది. వ్యర్థాల చెరువు వల్ల బోరునీరు చెడిందని, అరటి తోటలు దెబ్బతిన్నాయని చుట్టుపక్కల రైతులు ఏళ్లుగా మొర పెట్టుకుంటున్నారు, సంస్థ ఆ ఆరోపణను అంగీకరించడం లేదు. ఆ అనుభవం దగ్గరలోనే ఉండగా మీరు జాగ్రత్తపడడం సహజం.

అయితే నన్ను కలవరపెట్టేది మరొకటి. గనులకు అనుమతి ఇచ్చే ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలని 2006 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ చెబుతుండగా, అణు ఖనిజాల గనులకు ఆ సేకరణ అవసరం లేదని 2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ మినహాయింపు ఇచ్చింది. డబ్బు కట్టి రాకెట్టు ఎక్కే ధనికుడికి ముప్పు గురించి కాగితం మీద రాసి చూపించమని ఒక దేశపు చట్టం పట్టుబడుతున్నది. ఊరి పక్కన గని పడబోయే రైతును సమావేశానికి పిలవనవసరం లేదని మన నియమం చెబుతున్నది. దేశ భద్రతకు యురేనియం అవసరమన్న వాదనను నేను కాదనను. అవసరం ఎంత పెద్దదైతే అడగవలసిన బాధ్యత అంత పెరగాలి గాని తగ్గకూడదు.

ప్రశ్న: రేడియేషన్ కారణంగా మహిళా వ్యోమగాములకు నాసా తక్కువ ప్రయాణ సమయం కేటాయించేదని చదివాను. అది రక్షణా, వివక్షా?
— డిగ్రీ విద్యార్థిని, కడప

జవాబు: అమ్మాయీ, రెండూ కలిసి ఉన్నాయి, విడదీయడం కష్టం. రేడియేషన్ వల్ల క్యాన్సరుతో మరణించే ముప్పు 3 శాతానికి మించరాదన్నది పాత నియమం. అదే మోతాదుకు స్త్రీలలో, వయసులో చిన్నవారిలో ముప్పు ఎక్కువని గణాంకాలు చూపుతున్నందున, 30 ఏళ్ల స్త్రీకి జీవితకాల పరిమితి సుమారు 180 మిల్లీసీవర్టులు (శరీరానికి సోకే రేడియేషన్ మోతాదుకు కొలమానం), 60 ఏళ్ల పురుషుడికి సుమారు 700 అయ్యేది. అంతరిక్ష కేంద్రంలో ఆరు నెలలు గడిపితే 80 నుంచి 160 వరకు సోకుతుంది గనుక, యువతికి ఒక సుదీర్ఘ యాత్రతోనే దారి మూసుకుపోయేది. ఆమె మేలు కోసమే అన్న పేరుతో ఆమె వృత్తిని ఆమెను అడగకుండా కుదించారు. 2022లో నాసా దీనిని మార్చి, స్త్రీపురుషులకు, అన్ని వయసులవారికి 600 మిల్లీసీవర్టుల ఒకే పరిమితిని పెట్టింది. ఎక్కువ ముప్పు ఉన్నవారిని, అంటే 35 ఏళ్ల స్త్రీని, లెక్కలోకి తీసుకొనే ఆ అంకెను నిర్ణయించారు.

ఈ మార్పు మంచిదే. గణాంకం ఒక గుంపు గురించి చెబుతుంది, నిర్ణయం ఒక మనిషి తీసుకోవాలి. ఆమె ముప్పు ఎంతో ఆమెకు విడిగా, దాచకుండా చెప్పి, వెళ్లాలో వద్దో ఆమెకే వదలడం సరైన పద్ధతి. అంగారక గ్రహానికి పోయి రావడానికి సుమారు 1,000 మిల్లీసీవర్టులు సోకుతాయన్నది అంగారకానికి నాసా పంపిన క్యూరియాసిటీ రోవరు పరికరం కొలతల ఆధారంగా వేసిన అంచనా. అంటే ఈ 600 కూడా అక్కడ సరిపోదు, మినహాయింపులు ఇవ్వక తప్పదు. మినహాయింపు అడిగేది వ్యోమగామా, యాత్ర ఆగకూడదనుకునే సంస్థా అన్నది అప్పుడు చూడవలసిన సంగతి.

ప్రశ్న: నాకు 62 ఏళ్లు. పిల్లలు స్థిరపడ్డారు. కొన్ని నిమిషాలైనా అంతరిక్షం చూసి రావాలని కోరిక. ఈ వయసులో తగునా?
— విశ్రాంత ఉద్యోగి, గుత్తి

జవాబు: వయసు అడ్డం కాదు. 2024 మే 19న బ్లూ ఆరిజిన్ నౌకలో విజయవాడకు చెందిన పైలట్ గోపీచంద్ తోటకూర వెళ్లినప్పుడు, అదే నౌకలో ఎడ్ డ్వైట్ అనే 90 ఏళ్ల వృద్ధుడు కూడా వెళ్లి వచ్చారు. 1960లలో వ్యోమగామి శిక్షణ పొంది కూడా ఎంపిక కాలేకపోయిన నల్లజాతి పైలట్ ఆయన. ఆ రోజు దిగేటప్పుడు మూడు పారాచూట్లలో ఒకటి పూర్తిగా విచ్చుకోలేదు. రెండింటితోనూ దిగేలా రూపొందించినందువల్ల ఎవరికీ ఏమీ కాలేదు. అదే రకం రాకెట్టు 2022 సెప్టెంబరులో మనుషులు లేని ప్రయాణంలో విఫలమై, మళ్లీ మనుషులను ఎక్కించడానికి ఏడాదిన్నరకు పైగా పట్టింది. డబ్బు కట్టే ముందు మీరు ఏ కంపెనీనైనా ఇటువంటి వివరాలు రాతపూర్వకంగా అడగండి, చెప్పడానికి వెనకాడే కంపెనీ జోలికి పోకండి. మీ జీవిత బీమా ఇటువంటి ప్రయాణానికి వర్తిస్తుందో లేదో కూడా బీమా కంపెనీ చేత రాయించుకోండి. ఇంట్లో అమ్మగారికి ఈ కోరిక సంగతి ఇంకా చెప్పి ఉండకపోతే, సంతకానికి ముందే చెప్పండి.